"ఆస్తి నష్టం" అన్న మాట ఎంతవరకు సరిపోతుంది?

ప్రశ్న: 1960ల నాటి అమెరికా నగరాల అల్లర్లపై ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. తగలబడిన దుకాణాల లెక్కకూ, ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ పేటల్లో ఇళ్ల ధరలకు పట్టిన గతికీ "ఆస్తి నష్టం" అన్న ఒక్క మాటే వాడవచ్చునా?

సమాధానం: వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మన పత్రికల్లో "ఆస్తి నష్టం" అనేది "ప్రాణ నష్టం" పక్కన, మర్నాటి వార్తలో కనిపించే మాట. 1967 జులైలో డెట్రాయిట్‌లో 43 మంది చనిపోయారని, 12వ వీధిలో దుకాణాలు కాలి బూడిదయ్యాయని చెప్పేచోట అది చక్కగా అతుకుతుంది. దీర్ఘకాలిక ప్రభావాన్ని కొలిచే ఆర్థికవేత్తల లెక్క వేరు. మంట అంటని ఇల్లే అయినా, బీమా కంపెనీలు ముఖం చాటేసి, మూతపడిన కొట్లు మళ్లీ తెరుచుకోక, కొనేవారు కరువై, పలకవలసిన ధర పలకకపోతే ఆ తేడా కూడా వారి లెక్కలోకి వస్తుంది.

ఆర్థికవేత్తలు విలియం కాలిన్స్, రాబర్ట్ మార్గో 2007లో ప్రచురించిన పరిశోధనలో 1950 నుంచి 1980 వరకు జనగణన వివరాలు తీసుకుని, అల్లర్లు తీవ్రంగా సాగిన నగరాలను అంతగా సాగని నగరాలతో పోల్చారు. నల్లజాతివారి సొంత ఇళ్ల మధ్యగత విలువ (ధరలను వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) 1960, 1970ల మధ్య అల్లర్ల వల్ల దెబ్బతిన్నదనీ, తరువాతి పదేళ్లలో కోలుకున్నది ఏమంత లేదనీ తేలింది. అసలే కుంగిపోతున్న ఊళ్లలో అల్లర్లు చెలరేగి ఉండవచ్చు గదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దాన్ని తీర్చుకోవడానికి వారు పట్టుకున్న ఆధారాల్లో ఒకటి నాకు మహా ముచ్చటగా తోచింది: 1968 ఏప్రిల్ 4న నల్లజాతివారి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి, ఎన్నో నగరాల్లో అల్లర్లు రేగిన ఆ నెలలో ఏ నగరంలో ఎంత వాన పడిందో చూశారు. వాన పడితే జనం వీధుల్లోకి రావడం తగ్గుతుంది; ఆనాటి వానకూ కొన్నేళ్ల తరువాతి ఇంటి ధరకూ మరో దారిలో సంబంధం ఉండే అవకాశం తక్కువ.

ఈ లెక్క అంతా ఒక నగరాన్ని మరో నగరంతో పోల్చి చూసేది కనుక "ధర పడిపోయింది" అనడంలోనూ చిక్కు ఉంది. డాలర్లలో ధర పెరిగినా, తోటి నగరాల్లో పెరిగినంత పెరగకపోతే ఈ లెక్క ప్రకారం అది దెబ్బే. "తరుగుదల" అందామంటే అది పద్దుల పుస్తకంలో యంత్రాల అరుగుదలకు స్థిరపడిపోయింది. స్థలాల బేరాలు చేసేవారు "ఆ పేటలో రేట్లు లేవలేదు" అంటారు. భావం అచ్చంగా అదే. రాతలో "ధరల వెనకబాటు" అంటే సరిపోతుందనుకుంటాను.

ప్రశ్న: డెట్రాయిట్ సంఘటనను అక్కడ చాలామంది తిరుగుబాటు అంటారు కదండీ. "అల్లర్లు" అనడం సబబేనా?

సమాధానం: ఈ పరిశోధకులు మరణాలు, గాయాలు, అరెస్టులు, గృహదహనాలు, అల్లర్లు సాగిన రోజులు కలిపి తీవ్రతను లెక్కగట్టారు గనుక, పేరు ఏది పెట్టినా అంకె మారదు. ధరల గురించిన వ్యాసానికి "అల్లర్లు" చాలు. "దొమ్మీ" మాత్రం వద్దు, అది పోలీసు కేసుల్లో ఊరి కొట్లాటలకు పడే మాట. ఆ పేటల వారి మాటలను యథాతథంగా ఇచ్చేచోట వారన్న "తిరుగుబాటు"ను మార్చకండి.