వేసవి నాటక శిబిరంలో మా పాపకి మాట పెగలడం లేదు, ఏం చేయమంటారు?

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఇక్కడే హైదరాబాద్‌లో ఒక వేసవి నాటక శిబిరంలో చేర్పించాం. మొదటి వారం అద్దం ఆట నేర్పారు, అంటే ఒకరు ఏం చేస్తే ఎదుటివాళ్లు అచ్చం అలాగే చేయాలి, ఇంటికొచ్చి తమ్ముడితో కూడా అదే ఆడించేది, అంత హుషారు. ఇప్పుడు చివరి రోజు ప్రదర్శనకి కుందేలు వేషం ఇచ్చారు. ఉన్నవి నాలుగే మాటలు, ఇంట్లో గడగడా చెప్పేస్తుంది, అక్కడ లేచి నిలబడగానే గౌను అంచు వేలికి చుట్టుకుంటూ తల దించేస్తోందట. నిన్న ఎవరో నవ్వారని రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "నాకు చెట్టు వేషం ఇమ్మని అడగవా అమ్మా, చెట్టు మాట్లాడక్కర్లేదు కదా" అంటోంది.

మాస్టారితో మాట్లాడి వేషం మార్పించాలా, ధైర్యం చెప్పి ఇదే చేయించాలా? బలవంతం చేస్తే స్టేజీ అంటేనే భయం పట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రదర్శన ఆదివారమే. పిల్లలతో నాటకాలు వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.