అప్‌డేట్: ఓనీల్ సిలిండర్‌లో మా ఆట
ట్రావెలర్ అనే సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటలో 32 కిలోమీటర్ల పొడవున్న ఓనీల్ సిలిండర్ (గిర్రున తిరుగుతూ లోపలి గోడ మీద ఉన్నవాళ్లకు బరువు కలిగించే గొట్టంలాంటి అంతరిక్ష నివాసం) పెడితే, అదెంత పెద్దదో ఆటగాళ్లకు ఎలా తెలియాలని అడిగాను కదా. నిన్న రాత్రి ఆడాం. అంకెలు మానేసి కంటికి కనిపించేది చెప్పమన్న సలహా అద్భుతంగా పనిచేసింది. నెత్తిన పొడవాటి కిటికీ, దానికి అటూ ఇటూ తలకిందులుగా పొలాలు, ఇళ్లు అనగానే అందరూ మౌనమైపోయారు.

అసలు మజా తరుములాటలో వచ్చింది. దొంగ వెంట సిలిండర్ చివరి గోడ మెట్లెక్కుతుంటే బరువు తగ్గుతూ పోయింది. అక్షానికి, అంటే సిలిండర్ నడిమధ్య గీతకు, సగం దూరంలో సగం బరువు, అక్షం దగ్గర తేలిపోవడమే! చెల్లి పాత్ర ఒక్క గెంతుకి ఎనిమిది మెట్లు దాటేసింది.

మ్యాప్ మాత్రం ఒక్క లోయకే (కిటికీల మధ్య ఉండే పొడవాటి నేల పట్టీకే) గీశాను, అది చాలింది. వచ్చే వారం ఎండను లోపలికి పంపే అద్దాల్లో ఒకటి ఇరుక్కుంటుంది. ఆ లోయకు తెల్లారదు.