డెస్క్‌టాప్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవుతోంది: ముందు ఫార్మాటా, ముందు ఎస్‌ఎంపీఎస్సా?

కోవూరు డీటీపీ:
మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. సిస్టం ఎప్పుడు పడితే అప్పుడు స్ట్రక్ అయిపోతోంది. ఒకసారి పెళ్లి కార్డు డిజైన్ చేస్తుంటే, ఇంకోసారి ఏమీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉంటే. బ్లూ స్క్రీన్ రాదు, దానంతటది రీస్టార్ట్ అవదు, తెర మీద ఉన్నది ఉన్నట్టే నిలబడిపోతుంది, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే. విండోస్ 10, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, దానికి తోడు ఎస్‌ఎస్‌డీ. విండోస్ తన లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తోంది. అడిగిన వాళ్లందరూ ఫార్మాట్ కొట్టమంటున్నారు. తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, పాత కస్టమర్ల ఫైళ్లు మళ్లీ సర్దుకోవాలంటే షాపు మూసుకోవాలి. నిజంగా ఫార్మాట్‌తో పోతుందా ఇది?

సింగరాయకొండ:
పోతుందన్నా, ఆలోచించకుండా కొట్టేయ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. ఏళ్ల తరబడి ఎక్కించిన డ్రైవర్లు, తీసేసిన యాంటీవైరస్ ముక్కలు, జిరాక్స్ షాపు కాబట్టి వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోని చెత్త, అన్నీ లోపలే ఉంటాయి. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కూర్చునే బదులు శుభ్రంగా మొదలుపెడితే సాఫ్ట్‌వేర్ అనుమానం మొత్తం ఒక్క దెబ్బతో తీరిపోతుంది. తర్వాత కూడా ఆగితే అప్పుడు హార్డ్‌వేర్ చూసుకో.

చీమకుర్తి:
ఫార్మాట్ వద్దన్నా, కనీసం ఇప్పుడే వద్దు. పని ఆగిపోతుందని మాత్రమే కాదు, జబ్బు ఏంటో చెప్పే ఆధారాలన్నీ దాంతోపాటే తుడిచిపెట్టుకుపోతాయి.

ఆ 41 చూసి టెన్షన్ పడొద్దు. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాలేదని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే మాట అది, అంతే. బటన్ నొక్కి ఆపింది నువ్వే కాబట్టి అది రాక తప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (ఎందుకు ఆగిందో చెప్పే నంబరు) 0 అని ఉంటే, ఎందుకు ఆగిందో రాసుకునే తీరిక కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. నువ్వు చూడాల్సింది దానికి ముందు వరుసల్లో. అక్కడ డిస్క్ ఎర్రర్లున్నాయా, డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అని ఏమైనా ఉందా చూడు. రెండోది ఉంటే ప్రాసెసర్, మెమరీ, బోర్డు వైపు నుంచి హార్డ్‌వేర్ తనే ఫిర్యాదు చేసిందని అర్థం.

ఈసారి ఆగినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదకు పోవద్దు. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కు. లైటు వెలిగి ఆరుతుంటే, మౌస్ కదులుతూ విండోలు మాత్రం స్పందించకుంటే, క్యాబినెట్ ముందున్న డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంటే ఆ పాత హార్డ్ డిస్కే నీ దొంగ. చచ్చిపోతున్న డిస్క్ ఒక సెక్టారు చదవలేక మొత్తం విండోస్‌ను నిలబెట్టేస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాం వేసి కరెంట్ పెండింగ్ సెక్టార్, రీఅలకేటెడ్ సెక్టార్ అన్న రెండు వరుసలు చూడు, అవి పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. సీఆర్సీ ఎర్రర్లు (డేటా దారిలో పాడైన లెక్క) మాత్రమే పెరుగుతుంటే డిస్క్ జోలికి పోకు, ముందు డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చు, అది చాలా చవక.

అదే క్యాప్స్ లాక్ లైటు కూడా చలించకపోతే అది లోతైన ఆగుడు. డ్రైవర్ కూడా అట్టా ఆపగలదు కాబట్టి అంతటితో తీర్పు చెప్పకూడదు. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టం) వేసుకుని, రెండు డిస్కుల కేబుళ్లూ పీకేసి, దాని మీదనే నడిపించు. అక్కడ కూడా ఆగిందంటే విండోస్‌ను, డిస్కులను వదిలేయొచ్చు, ఒక్క ఫైలు ముట్టుకోకుండానే తేలిపోతుంది.

మా ఊళ్లో గ్రానైట్ పొడి వల్ల ప్రాసెసర్ వేడి లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య బూడిద రంగు పిండి గడ్డకట్టి ఫ్యాన్ తిరుగుతున్నా గాలి దూరదు. అయినా దుమ్మును ముందుగా అనుమానించను. ప్రాసెసర్ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, మరీ వేడెక్కితే టక్కున ఆరిపోతుంది. మీదేమో బొమ్మతో సహా నిలబడిపోతోంది. నా అనుమానం ర్యామ్, లేదంటే సిస్టంకు కరెంటిచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్.

రిపేరు షాపు, నెల్లూరు:
ఇక్కడ రాయడం తేలిక బ్రదర్. పొద్దున సిస్టం దించి సాయంత్రానికి కావాలంటారు, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు పూర్తయ్యే దాకా నా బెంచీ మీద ఇంకో పని సాగదు. వెతికిన టైముకు డబ్బులు అడిగితే ఏమీ మార్చలేదుగా అంటారు, ఫార్మాట్ అంటే మాట్లాడకుండా ఇస్తారు. ఇంకోటి, ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం అన్నావు. కరెంటు పడిపోతే సిస్టం రీస్టార్ట్ అవుతుంది గానీ ఫ్రీజ్ ఎందుకవుతుంది? మల్టీమీటర్ పెట్టి చూస్తే 12 వోల్టుల తీగ 11.4కీ 12.6కీ మధ్యలోనే ఉంటుంది. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

చీమకుర్తి:
అన్నా, నీ కష్టం నిజమే, వెతికినందుకు డబ్బులివ్వని కస్టమర్‌దే తప్పు. కానీ దాని ఫలితం ఎవరి మీద పడుతోంది? ఫార్మాట్ కొట్టాక కొన్నాళ్లు బాగుంటుంది, సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కించే దాకా సిస్టం మీద భారం ఉండదు కాబట్టి. ఈలోపు డబ్బులు ఇచ్చేసి ఉంటారు, తర్వాత మళ్లీ ఆగితే మళ్లీ ఫార్మాట్. ఇట్టా ఎంతమంది మంచి కంప్యూటర్‌ను పాతసామాన్ల వాళ్లకు వేశారో చూస్తూనే ఉన్నాం, నాకు బాధ అక్కడే.

ఇక నీ ప్రశ్న. పూర్తిగా పడిపోతే రీస్టార్టే, ఒప్పుకుంటా. కానీ ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఎండిపోయాయనుకో, సగటు 12 వోల్టులే ఉంటుంది గానీ దాని మీద అలలు పెరుగుతాయి, మల్టీమీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది కాబట్టి దానికి అవి దొరకవు. ఆ అలలకు మెమరీలోనో ప్రాసెసర్‌లోనో ఒక బిట్ తప్పు చదివితే చాలు, సిస్టం ఉన్నచోటే నిలబడిపోతుంది. కోవూరు అన్న చుట్టుపక్కల రొయ్యల గుంటలుంటే ఇంకా చెప్పక్కర్లేదు. గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతాయి, ఆ దెబ్బలన్నీ తట్టుకుంటూ కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండుతాయి. బాగున్న ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి మార్చి చూడడమే దారి, దానికి డేటా పోదు.

కోవూరు డీటీపీ:
చెప్పినట్టే చేశాను. ఆగినప్పుడు క్యాప్స్ లాక్ లైటు కదల్లేదు. డిస్కులు పీకి లినక్స్ మీద నడిపితే అక్కడ కూడా నిలబడిపోయింది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్ వదిలితే ఒక్క ఎర్రర్ రాలేదు. బిల్లింగ్ సిస్టంలో ఉన్న ఎస్‌ఎంపీఎస్ తెచ్చి దీనికి పెట్టాను, అప్పట్నుంచి ఆగలేదు. కానీ ఇంతకుముందు కూడా రెండు మూడు రోజులు బాగున్న సందర్భాలున్నాయి, గట్టిగా నమ్మలేకుండా ఉన్నాను. ఇంకొకటి, చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది.

సింగరాయకొండ:
లినక్స్‌లో కూడా ఆగిందంటే ఈసారికి నాది వదిలేస్తా. విండోస్ 10 సంగతి మాత్రం వదలను, బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టే షాపు సిస్టంకు అప్‌డేట్లు రాకపోతే ప్రమాదం.

రిపేరు షాపు, నెల్లూరు:
పాత ఎస్‌ఎంపీఎస్‌ను బిల్లింగ్ సిస్టంకు పెట్టి చూడు బ్రదర్. అక్కడ కూడా ఫ్రీజ్ అయితే అదేనని ఖాయం.

చీమకుర్తి:
ఆ పని చేయొద్దన్నా. అనుమానం ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను లెక్కలున్న సిస్టంకు తగిలించి పరీక్ష పెడతామా? విప్పితే కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కనిపిస్తుంది గానీ, ప్లగ్ పీకేశాక కూడా లోపల చార్జ్ ఉంటుంది, ఆ డబ్బా నువ్వు విప్పకు, షాపన్న చేత విప్పించు. జిల్లుమంటోందంటే నీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని. మూడో పిన్ను ఎటూ పోకుండా వదిలేస్తే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు క్యాబినెట్ మీదకు వస్తుంది. ఫ్రీజ్‌కు అదే కారణమని అనను, కానీ షాపులోకి వచ్చే పిల్లలు కూడా ముట్టుకునే డబ్బా అది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్తింగ్ చూపించు, తర్వాత కొత్త ఎస్‌ఎంపీఎస్ కొను. ఒక నెల గమనించి మళ్లీ హ్యాంగ్ అయిందో లేదో ఇక్కడే రాయి.