చర్చ: ఐస్ హాకీ దిగ్గజం లెస్టర్ పాట్రిక్ ఆటగాడిగా గొప్పవాడా, కోచ్‌గానా?

మంచుబాట: పాట్రిక్ పేరెత్తితే అందరూ 1928 నాటి ఒక్క రాత్రినే తలచుకుంటారు. ఆటగాడిగా ఆయన స్థాయి ఎంతటిది? రెన్‌ఫ్రూ జట్టు ఆయనకిచ్చిన జీతం సమంజసమేనా? కోచ్‌గా ఆయన పద్ధతి ఎటువంటిది? తెలిసినవారు వివరించగలరు.

గోలుకాపరి: ఆ రాత్రిని తక్కువ చేయకండి. నేను గోల్‌కీపర్‌ను, ముఖానికి తొడుగు ఉన్నా పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దూసుకువస్తే గుండె ఆగుతుంది. స్టాన్లీ కప్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అత్యున్నత ట్రోఫీ) ఫైనల్ రెండవ ఆటలో మాంట్రియల్ మరూన్స్ ఆటగాడు నెల్స్ స్టూవర్ట్ కొట్టిన పక్ న్యూయార్క్ రేంజర్స్ కీపర్ షాబో కంటికి తగిలినప్పుడు, ప్రేక్షకులలో ఉన్న ఒటావా కీపర్ కానెల్‌ను వాడుకోవడానికి మరూన్స్ కోచ్ ఎడీ జెరార్డ్ ఒప్పుకోలేదు. నలభై నాలుగేళ్ల రేంజర్స్ కోచ్ పాట్రిక్ తానే గోలు ముందు నిలబడి, ఒక్క గోలు మాత్రమే ఇచ్చి, అదనపు సమయంలో తన జట్టు ఆటగాడు బౌచర్ కొట్టిన గోలుతో 2-1 విజయం చూశాడు. జెరార్డ్ చేసినది అన్యాయం.

నీలిగీత: చాలా కాలంగా రిఫరీగా పనిచేస్తున్నాను కనుక నిబంధనల సంగతి నాకు వదిలేయండి. అప్పట్లో బయటి ఆటగాడిని దింపాలంటే ప్రత్యర్థి సమ్మతి కావలసి వచ్చేది. సమ్మతించకపోవడం జెరార్డ్ హక్కు.

గోలుకాపరి: హక్కు గురించి మీరు నాకు పాఠం చెప్పనవసరం లేదు. 1922 ఫైనల్‌లో ఇదే జెరార్డ్, ప్రత్యర్థి వాంకూవర్ ఒప్పుకున్నందువల్లనే, ఒటావా నుండి అరువుగా వచ్చి టొరంటో తరఫున ఆడాడు. తాను పొందిన మర్యాదను ఎదుటివారికి ఇవ్వని మనిషిని సమర్థిస్తున్నారా?

నీలిగీత: మర్యాద వేరు, నిబంధన వేరు. పైగా మూడవ ఆట నుండి న్యూయార్క్ అమెరికన్స్ జట్టు కీపర్ జో మిల్లర్ రేంజర్స్‌కు ఆడాడు కదా. ఇంత ఆవేశం దేనికి?

పాతపుటలు: మీ ఇద్దరి తగవులో అసలు ప్రశ్న మరుగునపడింది. 1906లో మాంట్రియల్ వాండరర్స్ మొదటి ఆటను 9-1తో గెలిచి, రెండవ ఆటలో ఆ ఆధిక్యమంతా పోగొట్టుకుని, రెండు ఆటల మొత్తం 10-10గా నిలిచిన క్షణంలో చివరి రెండు గోళ్లూ కొట్టి స్టాన్లీ కప్ తెచ్చినవాడు పాట్రిక్. అటువంటివాడికి 1909-10లో రెన్‌ఫ్రూ పన్నెండు ఆటలకు 3,000 డాలర్లు ఇచ్చింది. ఆ జట్టు కప్ గెలవలేదన్నది నిజమే, కానీ ఆ జీతానికి ఆయన తగినవాడే.

విక్టోరియావాసి: మా ఊరి వైభవాన్ని ఎవరూ తలచకపోవడం బాధాకరం. తండ్రి కలప వ్యాపారం అమ్మగా వచ్చిన సొమ్ముతో లెస్టర్, ఫ్రాంక్ సోదరులు 1911లో పసిఫిక్ తీర లీగును స్థాపించి, విక్టోరియాలోనూ వాంకూవర్‌లోనూ కెనడాలోనే తొలి కృత్రిమ మంచు రింకులు కట్టారు. నీలిగీతలు (రింకును మూడు భాగాలు చేసే గీతలు), చొక్కాలపై అంకెలు, పెనాల్టీ షాట్ ఆ లీగులో ఊపిరి పోసుకున్నవే. 1925లో ఆయన విక్టోరియా జట్టు మాంట్రియల్ కెనడియన్స్ జట్టును ఓడించి కప్ గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌కు (నేషనల్ హాకీ లీగుకు) చెందని మరే జట్టుకూ ఆ తరువాత ఆ కప్ దక్కలేదు. ఆయన కోచ్‌గా ఎదిగినది ఇక్కడే.

నీలిగీత: కోచ్‌గా గొప్ప అంటే ఒప్పుకోను. రేంజర్స్‌కు కుక్ సోదరుల వంటి ఆటగాళ్లను తెచ్చినవాడు తొలి మేనేజర్ కాన్ స్మైత్. 1926లో ఆయనను తొలగించగా పాట్రిక్‌కు తయారైన జట్టు చేతికందింది.

విక్టోరియావాసి: అందిన జట్టుతో 1928లో గెలిచాడనే అనుకుందాం. మరో ఐదేళ్ల తరువాత కూడా అది స్మైత్ జట్టేనా? 1933లో మళ్లీ కప్ ఎవరు గెలిపించారు?

పాతపుటలు: 1940 కప్‌ను మాత్రం కోచ్ ఖాతాలో వేయకండి. అప్పటికి కోచ్ ఫ్రాంక్ బౌచర్, పాట్రిక్ మేనేజర్.