కెఫీన్ ఇచ్చినా కాల్షియం కదలడం లేదు, ఎవరైనా చెప్పండి

ప్రయోగశాల_పావురం: మధ్యాహ్నం నుంచి మైక్రోస్కోపు ముందే కూర్చున్నాను. ఫ్లువో-4 రంగు (కాల్షియం తగిలితే వెలిగేది) ఎక్కించిన కణాలకు 10 మిల్లీమోలార్ కెఫీన్ ఇస్తే కాల్షియం పెరగాలి కదా? గ్రాఫు చదునుగా ఉంది. ఆ వెంటనే ఏటీపీ (బయటి నుంచి ఇస్తే కణంలో కాల్షియం పెంచే అణువు) ఇస్తే, రోజూ బాగా వచ్చే స్పందన కూడా సగానికి పడిపోయింది. కెఫీన్ సీసా కొత్తదే. కణాలు చచ్చిపోతున్నాయా? రేపు గైడు గారికి చూపించాలి.

ఫిల్టర్_కాఫీ: 10 మిల్లీమోలారా! ఎంత కాఫీ తాగేవారికైనా రక్తంలో కెఫీన్ సాధారణంగా పదుల మైక్రోమోలార్లు దాటదు. ఆ మోతాదులో అది ముఖ్యంగా నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అతుక్కునే గ్రాహకాలను అడ్డుకుంటుంది, నిద్ర పట్టనిది అందుకే. కాఫీ తాగగానే కణాల్లో కాల్షియం పొంగిపోతుందని ప్రచారం చేసేవారు ఈ తేడా ఎప్పటికి తెలుసుకుంటారో!

కణం_కథ: ఏ కణాలు?

ప్రయోగశాల_పావురం: అందరూ వాడే మనిషి మూత్రపిండ కణాలేనండి, హెచ్‌ఈకే-293. కాఫీ గురించి నేను అడగలేదు.

కణం_కథ: వాటిలో రయానోడిన్ గ్రాహకాలు, అంటే లోపలి నిల్వ నుంచి కాల్షియాన్ని వదిలే చానళ్లు, దాదాపు ఉండవు. కెఫీన్ తెరిచేది వాటినే.

సూక్ష్మ_వాది: "తెరిచేది" అనకండి. అది ఆ చానల్‌కు కాల్షియం పట్ల సున్నితత్వం పెంచుతుంది. అప్పుడు కణద్రవంలో మామూలుగా ఉండే 100 నానోమోలార్ కాల్షియానికే చానల్ తెరుచుకుంటుంది.

కణం_కథ: 10 మిల్లీమోలార్ దగ్గర రెండూ ఒకటే.

సూక్ష్మ_వాది: తక్కువ మోతాదులో కాదు. గుండె కండర కణానికి కొద్దిగా ఇస్తే సంకోచం కొన్ని స్పందనల పాటే పెరుగుతుంది, లోపలి నిల్వ తగ్గాక పాత స్థాయికి వచ్చేస్తుంది. తెరిచిపెట్టడం అనుకుంటే ఇది అర్థం కాదు. పైగా హెచ్‌ఈకేలో ఆ గ్రాహకాలు కొద్దిగా ఉన్నాయని రాసినవారూ ఉన్నారు.

కణం_కథ: ఆమె గ్రాఫులో అయితే లేవు.

రాత్రి_షిఫ్టు: వాదన తర్వాత. పావురం గారూ, మీ కణాలు చావలేదు. ఈ కణాల్లో ఏటీపీ పని ప్రధానంగా ఐపీ3 గ్రాహకం (నిల్వ నుంచి కాల్షియం వదిలే మరో చానల్) ద్వారా జరుగుతుంది, మిల్లీమోలార్ కెఫీన్ దాన్ని అణిచేస్తుంది. స్పందన తగ్గింది అందుకే. కెఫీన్‌ను బాగా కడిగేసి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ ఏటీపీ ఇవ్వండి. కెఫీన్ కొన్ని రంగుల వెలుగును కూడా మారుస్తుంది కాబట్టి కణాలు లేని పాత్రలో ఒకసారి కొలవండి. కెఫీన్ స్పందనే కావాలంటే సీ2సీ12 అనే చిట్టెలుక కండర కణాలను మయోట్యూబులుగా (పొడవాటి కండర తంతువులుగా) మార్చి వాడండి. కెఫీన్ స్టాకు ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, 100 మిల్లీమోలార్ దగ్గర స్ఫటికాలు కట్టేస్తుంది.

ఫిల్టర్_కాఫీ: కండరం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా (కొన్ని మత్తుమందులకు ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కి కండరాలు బిగుసుకునే జబ్బు) ఉందేమోనని చూసే పరీక్షలో, శరీరం నుంచి తీసిన కండర ముక్క 2 మిల్లీమోలార్ లేదా అంతకన్నా తక్కువ కెఫీన్‌కే బిగుసుకుంటుందా అని చూస్తారు. అక్కడ కూడా కాఫీ మోతాదు కాదు, గమనించండి.

సూక్ష్మ_వాది: అదీ సున్నితత్వమే.

ప్రయోగశాల_పావురం: కడిగాక ఏటీపీ స్పందన వచ్చింది. థాంక్స్ అండీ. సీ2సీ12 పక్క ల్యాబు వాళ్లు ఇస్తారేమో అడగాలి.

కణం_కథ: మయోట్యూబులు కావడానికి దాదాపు వారం పడుతుంది. రేపటికి కుదరదు.