లాక్టులోజ్, రిఫాక్సిమిన్ వాడుతున్నా నాన్నకు మగత తగ్గట్లేదు

నాన్నకు 71 ఏళ్లు, సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడైంది). ఉండేది హైదరాబాద్, కూకట్‌పల్లి. మూడు వారాలుగా పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. సాయంత్రం ఐదు దాటితే మాట ముద్దగా వస్తుంది, చేతులు చాపమంటే మణికట్లు రెక్కల్లా కొట్టుకుంటాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటున్నారు.

పాడైన లివర్ వడకట్టలేని అమ్మోనియా మెదడుకు చేరి మగత తెస్తుంది, దాన్ని తగ్గించడానికే ఈ మందులు: విరేచనం చేయించే లాక్టులోజ్ 30 ఎంఎల్ రోజుకు 3 సార్లు, పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్ 550 ఎంజీ 2 సార్లు. విరేచనం రోజుకు మూడుసార్లు అవుతోంది, కాబట్టి మలబద్ధకం కాదు. సోడియం 136, పొటాషియం 4.1, రెండూ నార్మల్. జ్వరం లేదు, నల్ల విరేచనం లేదు, నిద్రమాత్రలు వాడట్లేదు. తల సీటీలో రక్తస్రావం కనబడలేదు. పప్పు, పెరుగు ఆపలేదు (ప్రొటీన్ తగ్గిస్తే కండ కరిగి అమ్మోనియా ఇంకా పెరుగుతుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు).

వయసు మతిమరుపేనని డాక్టర్ గారు అంటున్నారు. ఉత్త మతిమరుపుకి చేతులిలా కొట్టుకోవు. లివర్‌ను దాటించి రక్తాన్ని మళ్లించే షంట్ ఏదైనా ఉందేమోనని నా అనుమానం. ఇలాంటి షంట్ మీవాళ్లకి ఏ పరీక్షలో బయటపడింది, డాప్లర్‌లోనా (రక్తప్రవాహం చూసే అల్ట్రాసౌండ్), కాంట్రాస్ట్ సీటీలోనా (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్)?