అంగన్‌వాడీలో టీవీ: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఎంతసేపు, ఎలా చూపించాలి?

ప్రశ్న: అంగన్‌వాడీ టీచర్, ఖమ్మం జిల్లా

అందరికీ నమస్కారం. నేను 11 ఏళ్లుగా ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేస్తున్నాను. మా కేంద్రంలో ప్రీస్కూలుకు వచ్చే పిల్లలు 18 మంది. కొన్ని నెలల క్రితం మాకు గోడకు బిగించే పెద్ద టీవీ, దానితోపాటు పెన్‌డ్రైవ్‌లో పాటలు, కథలు, అక్షరాల వీడియోలు వచ్చాయి. మన అంగన్‌వాడీ కూడా కాన్వెంటులా తయారైందని, ఇక ఎల్‌కేజీ కోసం పిల్లలను పక్క ఊరికి బస్సెక్కించనవసరం లేదని ఇద్దరు ముగ్గురు తల్లులు నాతోనే అన్నారు. ఏటా జూన్‌లో పిల్లలు తగ్గిపోవడం చూస్తూ వచ్చిన నాకు ఆ మాట ఎంతో ధైర్యాన్నిచ్చింది.

అయినా నన్ను ఒక సందేహం వదలడం లేదు. నేను అభినయిస్తూ పాట పాడితే లేచి గంతులు వేసే పిల్లలు, అదే పాట టీవీలో వస్తున్నప్పుడు నోరు తెరుచుకుని కదలకుండా కూర్చుంటున్నారు. గత వారం జంతువుల వీడియో చూపించాక, ఏనుగు ఎంత ఉంటుందని అడిగితే నాలుగేళ్ల పాప రెండు చేతులూ జానెడు ఎడంగా పట్టుకుని "ఇంత" అంది. మరి చీమ ఎంత ఉంటుందంటే మళ్లీ అదే జానెడు చూపించింది. తెరమీద రెండూ ఒకే పరిమాణంలో కనిపించాయి కనుక, ఆ పాప చూసినదే చెప్పింది. పొరపాటు నేను చూపించిన తీరులో ఉంది.

ఇంకొక విషయం కూడా దాచకుండా చెప్పాలి. నెలనెలా పిల్లల బరువు, ఎత్తు తీసి పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో నమోదు చేసే రోజుల్లో నేనూ ఆయా ఇద్దరమూ ఆ పనిలోనే ఉండిపోతాం కాబట్టి, మిగిలిన పిల్లలను టీవీ ముందు కూర్చోబెడుతున్నాను. ఇది పిల్లలకు హాని చేస్తుందా? రోజుకు ఎంతసేపు చూపించవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: విశ్రాంత ప్రీస్కూల్ శిక్షకురాలు, హైదరాబాద్

టీచర్ గారూ, ఆ పాప చేతుల మధ్య ఉన్న జానెడును మీరు గమనించారు కాబట్టి సగం జవాబు మీ దగ్గరే ఉంది.

ముందుగా సమయం సంగతి. మూడు, నాలుగేళ్ల పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజు మొత్తంలో గంటకు మించకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దేశ శిశువైద్యుల సంఘం కూడా రెండు నుంచి ఐదేళ్ల వారికి 2021లో ఇదే గరిష్ఠ పరిమితిని సూచించింది. అయితే ఈ గంట కేంద్రానికి మాత్రమే సంబంధించినది కాదు. ఇంట్లో అన్నం తినిపిస్తూ చేతికిచ్చే ఫోనూ, సాయంత్రం నాయనమ్మ పక్కన కూర్చుని చూసే సీరియలూ ఇందులోకే వస్తాయి. చాలా ఇళ్లలో ఆ గంట ఇంటి దగ్గరే ఖర్చయిపోతున్నందున, కేంద్రంలో పది పన్నెండు నిమిషాలు, అదీ వారంలో రెండు మూడు రోజులు చాలునని నా అభిప్రాయం. అదే వయసు పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక కదలిక అవసరమని ఆ మార్గదర్శకాలలోనే ఉంది. ఈ మాట మాత్రం ఎవరూ అంతగా గుర్తుపెట్టుకోరు.

పిల్లలు నిశ్శబ్దంగా చూస్తున్నారంటే నేర్చుకుంటున్నారని పెద్దలు అనుకుంటారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తొమ్మిది నెలల శిశువులకు చైనా మాండరిన్ భాషను కొందరికి ఎదురుగా కూర్చున్న మనుషుల ద్వారా, మరికొందరికి వీడియో ద్వారా వినిపించారు. మనుషుల దగ్గర విన్న శిశువులు ఆ భాషా ధ్వనుల మధ్య తేడాను పట్టుకోగలిగారు. వీడియోలో విన్నవారు పట్టుకోలేకపోయారు. మీ పిల్లలు అంతకంటే పెద్దవారే, వీడియో నుంచి కొంత నేర్చుకోగలరు. కానీ పాప జానెడు చూపించినప్పుడు "అలా కాదమ్మా, రా చూద్దాం" అని చేయి పట్టుకుని తీసుకెళ్లడం టీవీ వల్ల అయ్యే పని కాదు.

కనుక వీడియోను మధ్యమధ్యలో ఆపండి, తర్వాత ఏం జరుగుతుందో పిల్లలనే చెప్పనివ్వండి, అది అయిపోగానే చూసిన వస్తువు దగ్గరకు వారిని తీసుకెళ్లండి. చీమలు మీ వాకిట్లోనే ఉంటాయి. ఏనుగును తీసుకురాలేకపోయినా ముగ్గుతో వేయవచ్చు. ఎదిగిన మగ ఏనుగు భుజం దాకా సుమారు తొమ్మిది అడుగులు ఉంటుంది. వాకిట్లో ఆ కొలతతో గీసి, లోపల పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని పడుకోబెట్టి చూడండి.

బరువు తీసే రోజున టీవీ పెట్టినందుకు మిమ్మల్ని తప్పుపట్టను, ఇద్దరు మనుషులు అన్ని పనులూ చేయలేరు. అయితే ఆ రోజునే పాఠంగా మార్చే వీలుంది. పొట్టి నుంచి పొడుగు వరకు వరుసలో నిలబడటం, గోడమీద ఎత్తు గీతలు చూసుకోవడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పనులు. మిగిలిన వారికి ఆటవస్తువుల పెట్టె ఇవ్వండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో విడుదల చేసిన జాదూయీ పిటారా అనే ఆటవస్తువుల పెట్టెలో కూడా బొమ్మలు, పజిళ్లు, చేతిబొమ్మలు, కథల పుస్తకాలకే పెద్దపీట వేశారు.

జవాబు 2: అంగన్‌వాడీ టీచర్, ఉట్నూర్ ప్రాంతం

అక్కా, మాకు టీవీ లేదు, ఫోనూ ఒక చిన్న స్పీకరూ ఉన్నాయి. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో గోండి మాట్లాడతారు, కొందరిది లంబాడీ. కేంద్రంలో చేరిన కొత్తలో తెలుగు వీడియో పెడితే బొమ్మలు చూశారే గాని మాట అందుకోలేదు. అందుకని నేను వీడియోలు చూపించడం తగ్గించి, ఫోనును రికార్డు చేయడానికి వాడటం మొదలుపెట్టాను. ఒక అవ్వ ఇప్పపువ్వు ఏరే రోజుల గురించి గోండిలో చెప్పిన కథను రికార్డు చేసి వినిపించినప్పుడు, అప్పటివరకు నోరు విప్పని ఆమె మనవడు లేచి నిలబడి "మా అవ్వ!" అని అరిచాడు. ఆ రోజు నుంచి వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఊళ్లోని బావి, మేకలు, ఇప్పచెట్టు ఫొటోలు తీసి చూపిస్తాను. పిల్లలు ముందు తమ భాషలో పేరు చెబుతారు, తర్వాత తెలుగులో చెప్పుకుంటాం. పిల్లల ముఖాలు పడిన ఫొటోలను మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టను. వారి తల్లులకు ఆ మాట ఇచ్చాను.

జవాబు 3: ఒక తండ్రి, విజయవాడ

టీచర్ గారూ, మా అబ్బాయి చదివే ప్రైవేటు ప్లేస్కూల్లో రోజూ డిజిటల్ క్లాసు ఉంటుందని చెప్పి దానికి విడిగా ఫీజు తీసుకున్నారు. వాడు ఇంగ్లీషు అక్షరాలన్నీ పాటలా అప్పజెబుతాడు గాని, ఏ అక్షరం మీద వేలు పెట్టి అడిగినా గుర్తుపట్టలేడు. మీ ఊరి తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి. వారు కాన్వెంటు అనుకుంటున్నదాన్ని మేము డబ్బు కట్టి చూశాం.

ప్రశ్న అడిగిన టీచర్ తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. మేడమ్ గారు చెప్పినట్టే నిన్న పొద్దున నేనూ ఆయా కలిసి వాకిట్లో తొమ్మిది అడుగుల ఏనుగును ముగ్గుతో వేశాం. ముందు అయిదు నిమిషాలు వీడియో చూపించి, టీవీ ఆపేసి, అందరినీ బయటకు తీసుకొచ్చాను. పాదాల నుంచి పైకి ఒకరి తర్వాత ఒకరిని పడుకోబెడితే మూడో పిల్లవాడి తల ఏనుగు వీపు దగ్గరకు వచ్చింది. పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు కూడా నిలబడి చూశారు, టీవీ ఎందుకు ఆపారని ఒక్కరూ అడగలేదు. ఇంట్లో ఫోను సంగతి వచ్చే సమావేశంలో వారితో మాట్లాడతాను, ఉట్నూర్ చెల్లెలు చెప్పినట్టు ఊళ్లోని ముసలమ్మల కథలు రికార్డు చేయడం కూడా మొదలుపెడతాను.

జానెడు చూపించిన పాప ఆ ముగ్గు చుట్టూ రెండుసార్లు నడిచి, "ఇది మా ఇంట్లో పట్టదు" అంది. మరి చీమను ఎక్కడ వేద్దామని అడిగాను. నా చేతిలోంచి చిటికెడు ముగ్గు తీసుకుని, ఏనుగు కాలిగోటి పక్కన ఒక చుక్క పెట్టింది.